మోగినా ఎత్తని ఫోన్

2 అక్టోబర్ 2025, దసరా

మా ఆయన రాఘవేంద్ర ఈరోజు గొప్ప పని చేశాడు. వికారాబాద్ నుంచి తెచ్చిన కొత్త వాకీటాకీలను ఆయుధపూజలో పెట్టి, పసుపు ముద్దలు అద్ది, కుంకుమ బొట్లు పెట్టాడు. ఛార్జింగ్ పెట్టే చోట కూడా. పసుపులోంచి కరెంటు పోదని నేనంటే, పండుగ పూట గట్ల మాట్లాడొద్దని అత్తయ్య కోప్పడింది.

ఆఫీసు నుంచి మా నాపరాయి గనిలోకి మామయ్య వైరు ఫోన్ వేయించాడు. ఇక్కడ హ్యాండిల్ తిప్పితే అక్కడ మోగుతుంది. కరెంటు అక్కర్లేదు, టవర్ అక్కర్లేదు. దానికి మాత్రం బొట్టు లేదు. అది డబ్బా అట.

4 అక్టోబర్

సెట్లు ఛార్జ్ కావట్లేదు. కంపెనీవాళ్లు మోసం చేశారట!

6 అక్టోబర్

గనిలో పనివాళ్లకు ఈయన ఉపదేశం. ఉరుముతుంటే వైరు ఫోన్ ముట్టొద్దు, పిడుగు తీగలకెళ్లి చెవులకొస్తదని. పూర్తిగా అబద్ధం కాదు. ఈయన మాటల్లో కాస్త నిజం కలిసింది దీంట్లోనే.

8 అక్టోబర్, సాయంత్రం



మధ్యాహ్నం తాండూరంతా చీకటైంది. గాలివాన. కరెంటు పోయింది, సెల్ సిగ్నల్ పోయింది. ఈయనా పనివాళ్లూ గని అడుగున రేకుల షెడ్డులో కూర్చున్నారు. పక్కనే పాడుబడ్డ గని, నిండా నీళ్లు. మధ్యలో ఒక్క మట్టి గట్టు. అది జారిపోతుండటం ఆఫీసు కిటికీలోంచి చూశాను. పరుగెత్తుదామంటే మధ్యలో వాగు పొంగుతోంది. వాకీటాకీ నొక్కాను. పసుపు వాసన వచ్చింది, అంతే.

ఫోన్ హ్యాండిల్ తిప్పాను. ఎవరూ ఎత్తరు. ఎత్తితే చస్తారని చెప్పిన మహానుభావుడు వాళ్ల మధ్యే ఉన్నాడు కదా. తిట్టుకుంటూ తిప్పాను. ఏడుస్తూ తిప్పాను. ఈయన పోతే నేనెవరిని తిట్టుకోవాలి?

చివరికి అందరూ గని పైకి పరుగెత్తుకొచ్చారు. నేను పిలిచానని కాదు. ఉరుములల్ల ఊకె మోగుతుందంటే పిడుగు తీగలకొచ్చింది, గీ షెడ్డుల ఉంటే సస్తమని బాల్‌రాజ్ అనే పనివాడు అరిచాడట. వాళ్లు పైకి చేరారో లేదో, గట్టు తెగింది. షెడ్డూ, అందులోని ఫోనూ మునిగిపోయాయి.

వాగు తగ్గాక ఈయన వచ్చాడు. రాగానే అడిగిన మాట, ఉరుముతుంటే ఫోన్ ఎందుకు చేసినవని.

9 అక్టోబర్

ఈయనకు జ్ఞానోదయమైంది. ఆఫీసులో మిగిలిన ఫోన్‌కు పసుపు, కుంకుమ, పూలదండ. ఎదురుగా కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు దాని మీదే పోశాడు.

ఇక అదీ మోగదు.