నా పదహారు పేజీలూ, వాటి మధ్య సందులూ

డెబ్బై రెండేళ్లు నిండి, అందులో నలభై ఏళ్లు పిల్లల పత్రికలో బొమ్మల కథలకు పనిచేసిన నేను, మూడో అంతస్తులోని నా స్వార్జితమైన ఇంట్లో, నా బొమ్మల బల్ల ముందు కూర్చుని, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న కడపటి వీలునామా ఇది. నా చెయ్యి వణుకుతుంది కాబట్టి రాత కింది అంతస్తు టైలరుది, మాటలు నావి. బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరు చీటీ రాసిచ్చాడు, జతపరిచాను. బుద్ధితోపాటు కోపం కూడా స్థిరంగా ఉంది. కోపంతో రాస్తే వీలునామా చెల్లదా అని వకీలును అడిగాను. అలాగైతే సగం వీలునామాలు చెల్లవన్నాడు. ఇంతకుముందు నేను రాసినవి ఏవైనా ఉంటే అవన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత మా ప్రెస్సు బైండరుకు అప్పగిస్తున్నాను. ఒక్క పేజీ వెనకాముందూ పడినా ఆ పూట అన్నం సహించని మనిషి. ఈ పనికి అలాంటివాడే కావాలి. అతని శ్రమకు నా ఇనుప స్కేలూ, గోడ గడియారమూ ఇస్తున్నాను. గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుంది, దాన్ని సరిచేయనక్కర్లేదు.

2. మా పత్రిక మాజీ ఎడిటరుకు ఎండిపోయిన నల్ల ఇంకు సీసా ఒకటి, మూతతో సహా. మూత రాదు. తీసి చూడమనండి. నేను బొమ్మలు గీస్తానని చేరితే, 'అమ్మాయి దస్తూరీ ముత్యాల్లా ఉంది, బుడగల్లో మాటలు రాయనివ్వండి' అన్నాడు ఈయన. పదకొండేళ్లు రాశాను. బొమ్మ ఒకరిది, మాట ఇంకొకరిది, మధ్యలో నా చెయ్యి. అందుకే ప్రెస్సంతా నన్ను బుడగలమ్మ అంది. ఆ పనిలోనూ నేర్చుకున్నాను, లేదనను. బుడగ ఎక్కడుంటే కన్ను ముందు అక్కడికే పోతుంది. ఆస్థాన చిత్రకారుడు చేతివేళ్లు గీయలేక తంటాలు పడినప్పుడల్లా బుడగ కాస్త పెద్దది చేసి ఆయన పరువు కాపాడేదాన్ని. పన్నెండో ఏట నా చేతికి బ్రష్షు వచ్చింది. చివరికి నా సొంత పుస్తకం చూపిస్తే, 'మాటల్లేని కథ ఎవడు చదువుతాడు?' అని పక్కన పడేశాడు. ఈయన దగ్గర ఆ పుస్తకంలోని మొదటి గడి, అంటే గీతల చట్రంలో గీసిన మొదటి బొమ్మ, ఉంది. అది తిరిగి ఇచ్చాకే సీసా ఇవ్వాలి.

3. నా చెల్లెలికి నా రేకు పెట్టె, అందులోని కాగితాలతో సహా. మా చిన్నప్పుడు కొట్టువాడు సామాను చుట్టి ఇచ్చే కాగితాల్లో బొమ్మల కథల పేజీలు వచ్చేవి. ఒక్కటే పేజీ, ముందూ ఉండదు, వెనకా ఉండదు. దొంగ కిటికీ ఎక్కుతాడు, అక్కడితో సరి. తర్వాత ఏమైందని ఇది గుక్కపెట్టి ఏడ్చేది. ఊరుకోబెట్టడానికి తర్వాతి పేజీ నేను గీసేదాన్ని. నమ్మేలా లేకపోతే ఇంకా గట్టిగా ఏడ్చేది, మళ్లీ గీసేదాన్ని. నాకు అంతకు మించిన బడి లేదు. అటువంటి చెల్లెలు ఈ రోజు నా గడి ఒకటి తన ఇంట్లో చెప్పుల స్టాండు పైన మేకు కొట్టి తగిలించుకుంది. నడిరోడ్డు మీద ఒంటి చెప్పు బొమ్మ అది. తిరిగివ్వమంటే 'ఇచ్చిన బహుమతి వెనక్కి అడుగుతారటే అక్కా?' అంది. ఇచ్చింది నేను కాదు. ఆ చెప్పు ఎవరిదో, రెండోది ఏమైందో ఒక్కసారైనా అడగలేదు. తర్వాతి పేజీ కోసం ఏడ్చిన పిల్ల ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. గడి ఇస్తే పెట్టె దానిది. లేకపోతే ఆ కాగితాలు బైండరు దగ్గరే ఉంటాయి.

4. ఇప్పుడు అసలు సంగతి. ఆరేళ్లు కూర్చుని నేను గీసిన పుస్తకం ఒకటుంది. పదహారు పేజీలు, పేజీకి ఆరు గడులు, ఒక్క బుడగ లేదు. ఒకామె పరుగెత్తుతుంది. కథంతా అంతే.

నా పదవీ విరమణ రోజున నా కొడుకు హాలు తీసుకుని, నాకు సన్మానం చేశాడు. నన్ను ఆశ్చర్యపరచాలని, నా బీరువాలోని ఆ పదహారు పేజీలూ చెప్పకుండా తీసుకుపోయి, ఫ్రేములు కట్టేవాడి దగ్గర గడికొక ముక్కగా కోయించాడు. నచ్చినవి నలభై ఒకటి ఏరి, అద్దాలు వేయించి, వచ్చినవాళ్లకు పంచాడు. 'మా అమ్మ గీసిన ఒక్కో బొమ్మా ఒక ముత్యం' అని మైకులో చెప్పాడు. దండ తెంపి ముత్యాలు మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆ రెండు చేతుల్నీ ఈనాటికీ క్షమించుకోలేదు.

'ఒక్కోటీ విడిగా ఎంత బాగుందో చూడమ్మా, పుస్తకంలో మూసి పెడితే ఎవరు చూస్తారు?' అన్నాడు. కుండ బద్దలు కొట్టినట్టు చెబుతున్నాను. బొమ్మల కథ అంటే బొమ్మలు కాదు. ఒక గడిలో ఆమె కాలు ఎత్తుతుంది. తర్వాతి గడిలో వీధి చివర ఉంటుంది. మధ్యలో పరుగెత్తింది చదివేవాడు. వాడు పరుగెత్తడానికే రెండు గడుల మధ్య తెల్లగా సందు వదులుతాం. ఆ సందులన్నీ ఫ్రేముల కొట్టులో చెత్తబుట్టలోకి పోయాయి. చుట్టాలు మాత్రం నేను గోరంతలు కొండంతలు చేస్తున్నానంటారు.

5. మిగిలిన యాభై అయిదు గడులు అట్టపెట్టెలో ఉన్నాయి. పంచినవాటిలో ముప్పై మూడు, ఈ మోకాళ్లతో మెట్లెక్కి, గడపగడపకూ వెళ్లి, ముష్టి అడిగినట్టు అడిగి తెచ్చుకున్నాను. ఇంకా ఎనిమిది రావాలి. చిరునామాలు బైండరుకు ఇచ్చాను. ఒకటి పళ్ల డాక్టరు దగ్గరుంది. నోరంతా తెరిచి అరుస్తున్న ఆడమనిషి బొమ్మ. పంటి నొప్పి అనుకుని తన వెయిటింగ్ రూములో పెట్టాడు. రోగులు దాన్ని చూసి జాలిపడతారట. ఆమె అరుస్తున్నది బస్సు వెనక. ఎవరికీ బస్సు కనబడదు, అది ముందు గడిలో ఉంది.

6. నా బల్ల, పాళీలు, బ్రష్షులు, వాడని కాగితమంతా నా కోడలికి సర్వహక్కులతో. కోయించిన నాడు ఆమె ఊళ్లో లేదు. తిరిగొచ్చి, ఫ్రేము చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, 'దీని తర్వాత ఏమిటత్తయ్యా?' అని అడిగింది. ఆ హాలు మొత్తంలో ఎవరూ అడగని ప్రశ్న. ఆ ఆదివారం నుంచి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతున్నాను. ఆమె గుర్రాలు ఇప్పటికీ కుక్కల్లాగే ఉంటాయి, కానీ ఎక్కడ ఆపాలో తెలుసు.

7. నేనుంటున్న ఈ ఇల్లు నా ఏకైక కొడుక్కి, ఒక షరతు మీద. నేను పోయిన ఏడాదిలోపు ఆ ఎనిమిది గడులూ వాడే స్వయంగా తిరిగి తెచ్చి, తొంభై ఆరూ వరుసగా కొత్త అట్టల మీద అతికించి, బైండరుకు చూపించాలి. మనుషుల్ని పెట్టి చేయిస్తే చెల్లదు. చేయకపోతే ఇల్లు పిల్లల గ్రంథాలయానికి చెందుతుంది.

8. ఇక్కణ్నుంచి వకీలు భాష వద్దని టైలరుకు చెప్పాను.

ఒరేయ్ అబ్బాయ్. ఎనిమిదింటిలో ఒకటి నీ ఆఫీసులో నీ కుర్చీ వెనకే ఉంది. కండక్టరు ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడు. ముద్దొస్తున్నాడని నువ్వు ఉంచుకున్నావు. అది తొంభై ఆరో గడి. ఆ పిల్లాడివి నువ్వు.

నీకప్పుడు నాలుగేళ్లు. నేను బుడగలు రాస్తున్న ఎనిమిదో ఏడు. మొదటిసారి నా సొంత కథ నాలుగు పేజీలు గీసి, ఎడిటరుకు చూపిద్దామని అట్ట సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నువ్వు కిటికీ పక్కన నిద్రపోయావు. వాన మొదలైంది. స్టాపు వచ్చింది. బొమ్మలు తడుస్తాయని సంచి గుండెలకు హత్తుకుని దిగాను. సంచి తీసుకుని దిగానురా, నిన్ను దించలేదు. బస్సు మలుపు తిరిగాక చేతులు చూసుకున్నాను. సంచి అక్కడే పారేసి, అడ్డదారులు పట్టి, చివరి స్టాపు దాకా పరుగెత్తాను. చెప్పు ఒకటి ఎక్కడో పోయింది. కండక్టరు నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. 'తల్లివేనా నువ్వు?' అన్నాడు. నువ్వు లేవనే లేదు. నీకు తెలియదు, మీ నాన్నకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత మూడేళ్లు నా బొమ్మలు ఎవరికీ చూపించలేదు. కాబట్టి ఏ పదకొండేళ్లకు ఎడిటరును తిట్టానో వాటిలో మూడు నా ఖాతాలోవి. సీసా మాత్రం ఇవ్వండి.

నోటితో చెప్పలేక పదహారు పేజీల్లో నిన్ను క్షమించమని అడిగాను. దాన్ని నువ్వు కోయించి ఊరికి పంచిపెట్టావు. నా కోపం అందుకు. అమ్మ ఇప్పుడు చెప్పేసింది కదా, ఇంక అతికించడమెందుకు అనుకోకు. ఇక్కడ రాయించింది సంగతి మాత్రమే. పరుగు ఆ పేజీల్లో ఉంది. నువ్వు చదివితేనే ఆమె నీ దగ్గరికి చేరుతుంది.

9. నా పాళీల డబ్బాలో అడుగున చిన్న అట్టముక్క ఉంటుంది, తొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పు. అది నీది. ఆ వాన రోజు తర్వాత నిన్ను ఒళ్లోంచి దించకుండా పని చేసుకునేదాన్ని. నేను గీస్తుంటే నువ్వు రెండు గడుల మధ్య వేలు పెట్టి, దారిలో నడిపినట్టు నడిపేవాడివి. ఒకరోజు ఆ వేలు పట్టుకుని, అట్ట మీద ఆనించి, రెండు వైపులా గీత గీసి కత్తిరించాను. అప్పటినుంచి నేను గీసిన ప్రతి పేజీలోనూ సందు అంతే. అతికించేటప్పుడు దాంతోనే కొలుచుకో. నీ వేలు పెట్టి కొలవకు, ఇప్పుడది లావైపోయింది.

మార్చి పద్దెనిమిది, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు, చదివించుకుని, విని, ఒప్పుకుని చేసిన సంతకం. వణికినా నాదే.

(సంతకం) బుడగలమ్మ

రాసినవారు: కింది అంతస్తు టైలరు
సాక్షులు:
1. వీధి చివరి మందుల షాపావిడ
2. మా వీధి పోస్టుమాన్