ఎర్ర కాగితం నాది

బావా,

ఇవాళ నీ కారు ఇన్సూరెన్స్ తగ్గింది. మూడేళ్ళుగా యాక్సిడెంట్ లేదు కాబట్టి ఇక మామూలు రేటేనని ఏజెంటు చెప్పాడు. నువ్వు పోయాక ఇదే మొదటి రెన్యువల్.

మూడేళ్ళ క్రితం ఇక్కడ గల్ఫ్‌లో, ముసఫ్ఫా రోడ్డు మీద, నీ కారుతో ఆ వ్యాన్‌ను గుద్దింది నేను. "నీది కొత్త లైసెన్సు, డ్రైవర్ నౌకరి ఖలాస్ అయితది, దిగు" అంటూ పోలీసులు రాకముందే నా సీట్లో కూర్చున్నావు. తప్పు చేసినవాళ్ళకిచ్చే ఎర్ర కాగితం నీ పేరు మీద రాయించుకున్నావు. అక్కకు కూడా చెప్పలేదు.

అక్క కొత్త పాలసీ మడిచి కార్లో పెట్టింది. "మీ బావకు తోలుడే సక్కగ రాకపాయె. నువ్వైతే పైలంగ తోల్తవు. ఇగ తాళంచెవి నీ దగ్గర్నే ఉండనీ" అంది.

తీసుకున్నాను బావా.