వెనక్కి జరిపిన తారీఖు

అక్కకి తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పాపా కులాసాగానే ఉన్నాం. బావగారి మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. నీ మేనకోడలికి పళ్ళొచ్చాయా అని అడిగావు. రెండొచ్చాయి. వాటి పదును చూసే భాగ్యం రోజూ నా వేలికే దక్కుతోంది.

ఇక నీ రెండో ప్రశ్న. మీ వార్డులోని డయాలసిస్ మిషన్లకు మా కంపెనీ వాళ్ళు "రెండు వేల సంవత్సరానికి సిద్ధం" అని పచ్చ స్టిక్కర్లు అంటించి వెళ్ళారనీ, ఇక భయం లేదు కాబట్టి జనవరి ఒకటిన సెలవు పెట్టి పిల్లలతో ఉండనా అనీ అడిగావు. దీనికి జవాబు రాయబోయి ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

మా మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు "ఢోకాలేదు". ఏమడిగినా ఆయన నోట వచ్చేది ఆ మాటే. సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకునే మిషన్లు తొంభై తొమ్మిది తర్వాత రెండు సున్నాలు చూసి తికమకపడతాయేమోనని మేమంతా తలలు పట్టుకుంటే, ఆయన పరీక్షలు మొదలుకాకముందే స్టిక్కర్లు అచ్చు వేయించాడు. పరీక్షించే పని నాది. మీ దగ్గరున్న రకం మిషన్‌లో తారీఖు ముందుకు జరిపి చూశాను. సంవత్సరం మారగానే రక్తాన్ని తిప్పే పంపు ఆగిపోయింది. అలారం కూడా మోగలేదు.

వెళ్ళి చెప్పాను. ఆయన వచ్చి తారీఖు వెనక్కి పెట్టించాడు. పంపు మళ్ళీ తిరిగింది.

"తిరుగుతోంది కదయ్యా. సిద్ధం అని రాసెయ్."

రాసేశానక్కా. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మానేద్దామంటే, జనవరి దాటేదాకా ఎవరమూ ఉద్యోగం వదిలిపెట్టబోమని ముందే మా చేత రాయించుకున్నారు. బయట నోరు విప్పితే కేసు పెడతారట. రోజూ ఆఫీసు అద్దాల గదిలో కూర్చుని అలాంటి కాగితాల మీద ఇంకా సంతకాలు పెడుతూనే ఉన్నాను. చెయ్యి దానికి అలవాటు పడిపోతోంది, నాకు సిగ్గుగా ఉంది. నిన్న నీ మరదలికి చెప్పేశాను. కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టి, "ముందు వదినకు రాయండి" అంది.

సెలవు పెట్టకు. ఆ రోజు ఎవరినీ ఆ మిషన్ల మీద పెట్టనివ్వకు. పంపును చేత్తో తిప్పే పిడి ప్రతిదానికీ ఉందో లేదో ఇప్పుడే చూసుకో.

నువ్వు చెబితే మీ పెద్ద డాక్టరు నమ్మరు, స్టిక్కరు ఉంది కదా అంటారు. అందుకే పంపు ఆగిపోయిందని నేను మొదట రాసిన అసలు పరీక్ష కాగితం ఇందులో పెడుతున్నాను. అడుగున నా సంతకం ఉంది. నన్ను కాపాడాలని ఆ ముక్క చింపేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. సంతకం లేకపోతే ఆ కాగితాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. చింపకక్కా.

ఇట్లు,
నీ పిరికి తమ్ముడు