కలుపు మందు డబ్బా

మార్చి 9, సోమవారం

వదినకు,

నీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఇక్కడ కుశలం అంతంతమాత్రం, అక్కడి సంగతి అడిగే ముఖం నాకు లేదు. నువ్వు లాండ్రీలో చేరావనీ, సోడా నీళ్ళకి వేళ్ళు పగిలిపోయాయనీ అన్నయ్య ఫోనులో చెప్పాడు. మట్టిలో ఆడిన చేతులు వదినా అవి. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

నా కళ్ళు పోయాయి. ఒక్కసారిగా కాదు, మూడేళ్ళుగా కొంచెం కొంచెం. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా మనిద్దరం కలిసి చేసిన ఆస్పత్రి తోటలో పని మానలేదు. పుల్లకీ పుల్లకీ మధ్య పురికొస కట్టి, బంతి వరసకి ఒక ముడి, జీనియాకి రెండు ముళ్ళు వేసుకున్నాను. ఆకు నలిపి వాసన చూసి పోల్చుకుంటాను. అదీ ఎంతకాలం? పోయిన వారం కలుపనుకుని జీనియా నారు ఒక వరసంతా పీకేశాను. బెంచీమీద కూర్చున్న రోగి ఒకాయన, ఎంత శుభ్రంగా తీశావమ్మా అని మెచ్చుకున్నాడు.

ఇక అసలు సంగతి. గులాబీ మడిని చంపింది నువ్వు కాదు, నేను.

అప్పటికే డబ్బాలమీద అక్షరాలు నా కంటికి ఆనేవి కావు. ఎరువు డబ్బా, కలుపు మందు డబ్బా ఒకే సైజు. ఎవరికీ చెప్పకుండా కలుపు మందు డబ్బా మెడకి రబ్బరు బ్యాండు చుట్టాను. ఉంటే విషం, లేకపోతే ఎరువు. ఆ వేసవికి బ్యాండు ఎండి తెగిపోయింది. నువ్వు వెనక కంచె కత్తిరిస్తున్నావు కదా, నీకు సాయమవుతుందని నేనే కలిపి నలభై మొక్కలకీ కొట్టాను. మందులు కలపడం నీ డ్యూటీ గనక తప్పు నీ నెత్తిన పడి నీ పని పోయింది. మొన్న షెడ్డు ఊడుస్తుంటే బ్యాండు ముక్కలు చేతికి తగిలాయి. అప్పుడే నాకు తెలిసింది.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నేను నిన్ను పూర్తిగానే కాల్చుకు తిన్నాను. మొక్కల్ని చంపిన మనిషని ఏ తోటలోనూ నీకు పని ఇవ్వలేదు. అన్నయ్య చేత కూడా మాటలు పడ్డావు. సూపరింటెండెంటు గారికి అంతా చెప్పాను. రెండేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకమ్మా అన్నారు. నెలాఖరుకి నన్ను మానిపిస్తున్నారు. నువ్వొస్తే ఆ చోటు నీకే ఇస్తామన్నారు. నన్ను క్షమించి రా వదినా.

ఇట్లు,
నువ్వు డేగకళ్ళమ్మా అని వెక్కిరించే
నీ ఆడపడుచు

తా.క.: అట్టముక్క ఆనించుకుని రాస్తున్నాను. రాసింది చదువుకోలేను. ఒక మాట కొట్టేద్దామంటే అది ఏ వరసలో ఉందో దొరకదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మొన్ననే తెలిసిందన్నది అబద్ధం. ఆకులు మాడిన రోజు సాయంత్రమే బ్యాండు ముక్కలు దొరికాయి. పొయ్యిలో పడేశాను. మర్నాడు నిన్ను ఆఫీసు గదిలోకి పిలిచేసరికి నాకు అంతా తెలుసు. కళ్ళ సంగతి బయటపడితే పని పోతుందని నోరు మూసుకున్నాను. ఇప్పుడు పని ఎలాగూ పోయింది గనక ధైర్యం వచ్చింది. ఆ డబ్బా ముట్టుకోలేదని ఏడుస్తూ నువ్వు, తోటలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ నన్నే సాక్ష్యం అడిగావు. నేను కత్తెర పడిపోయినట్టు వంగి, ఎడంచేత్తో నేలంతా తడిమాను. కత్తెర నా కుడిచేతిలోనే ఉంది. నీకు కనబడే ఉంటుంది.