నడుం దగ్గర మూడంగుళాలు

జూన్ 9, ఉదయం 6:10
చిన్నదాని మూత్రంలో ముంచిన ప్రోటీన్ స్ట్రిప్ ముదురాకుపచ్చ. మూడు ప్లస్. వరసగా మూడో రోజు. జబ్బు మళ్లీ తిరగబెట్టింది, ఏడాదిలో నాలుగోసారి.
నాకు మొన్ననే తెలుసు. చిన్నదాని గౌను నడుం దగ్గర బిగిసింది. టేపు పెడితే ఒకటిన్నర అంగుళం ఎక్కువ. వీధిలో సగం మంది కొలతలు నోటికొచ్చిన టైలర్‌ని, కన్నకూతురివి తెలియవా? అత్తయ్యేమో పిల్ల ఒళ్లు చేసిందని మురిసిపోయింది. అది నీరు, కిడ్నీలు ప్రోటీన్‌ని మూత్రంలోకి వదిలేస్తున్నాయని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

జూన్ 10
స్టెరాయిడ్‌కి తోడు డాక్టరమ్మ కొత్త మాత్ర రాసింది. ఇది పనిచేస్తే స్టెరాయిడ్ మెల్లగా ఆపేయొచ్చట. ఆ స్టెరాయిడ్‌తోనే రెండేళ్లుగా పిల్ల ఎదగడం లేదు. ఎనిమిదేళ్లది ఆరేళ్లదానిలా ఉంది.

జూన్ 23
పసుపు! మూడు రోజులుగా స్ట్రిప్ పసుపే, ప్రోటీన్ పోవడం లేదు. వాపు దిగింది. ఆకలి మాత్రం స్టెరాయిడ్ ఆకలి. బిస్కెట్ల డబ్బా దాచినందుకు నానమ్మ నోటికి కొలత తీసి కుట్లేస్తానంది చిన్నది. అత్తయ్యే ముందు నవ్వింది.

ఆగస్టు 2
కొత్త గౌను కుట్టాను. నడుం దగ్గర లోపల మూడంగుళాల మార్జిన్ వదిలాను, ఉబ్బితే విప్పడానికి. చిన్నది కనిపెట్టేసింది. నేను మళ్లీ ఉబ్బుతానని అప్పుడే కుట్టేశావా అని అడిగింది. గౌను వెనక్కి తిప్పి గుండీలు కుట్టడం మొదలుపెట్టాను.

నవంబరు 14
స్టెరాయిడ్ రోజు విడిచి రోజు, అర మాత్రకి దిగింది. ఇవాళ చిన్నదానికి జలుబు చేసింది. జలుబు వెనకే జబ్బు తిరగబెడుతుంది, ప్రతిసారీ ఇక్కడే దొరికిపోతాం.

నవంబరు 16, ఉదయం 5:40
ఒక ప్లస్. టేపు ముట్టుకోలేదు. భయం.

నవంబరు 17
పసుపు.
కిటికీ దగ్గర చూశాను. లైటు కింద చూశాను. పసుపు దారం రీలు పక్కన పెట్టి చూశాను. ఒకటే రంగు!

నవంబరు 20
జలుబు పోయింది. జలుబు ఒక్కటే వచ్చి, ఒక్కటే పోయింది! మధ్యాహ్నానికే మూడు ఆర్డర్లు ముగించాను. అత్తయ్య ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చింది, అడగనివాళ్లకి కూడా.

ఫిబ్రవరి 8
స్టెరాయిడ్ బంద్. కొత్త మాత్ర ఒక్కటే.

జూన్ 9
గౌను సరిపోవడం లేదంది చిన్నది. టేపు తీశాను. నడుం అంతే ఉంది. మోకాళ్లు బయటికొచ్చాయి. రెండంగుళాలు పెరిగింది, నా తల్లి!
మార్జిన్ కత్తిరించి, ముక్కలు కలిపి, కింద అంచుకి కుట్టాను. అతుకు కనిపిస్తోంది. కనిపించనీ.