మామగారిచ్చిన లాప్‌టాప్

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క లాప్‌టాప్ తప్ప. అదే, మామగారు ముచ్చటపడి నాకు కొనిచ్చిన కొత్తది. మొన్న నువ్వు దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశావే, అదే. ఇళ్ళ ప్లాన్లు గీసుకుందామని కూర్చుంటే ఉన్నట్టుండి తెరంతా నీలమైపోయి మళ్ళీ మొదటికొస్తోంది. నిన్న ఒకే ఇంటికి మూడుసార్లు మెట్లు గీశాను. కంప్యూటర్లు బాగుచేసే తోడల్లుడివి నువ్వుండగా బయటివాళ్ళని అడగడమెందుకు? ఫోన్ చేద్దామంటే మన ఆవిడలు, ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ, స్పీకర్ పెట్టుకుని వింటారు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
పెద్దల్లుడు

తా.క.: నీలం తెర మీద ఒక ఏడుపు మొహం కూడా వస్తోంది. లాప్‌టాప్ చూసిన రోజు నీ మొహం అచ్చం అలాగే ఉంది.

పూజ్యులైన అన్నయ్యకు నమస్కారాలు.

నాకు ఏడుపేం లేదు. కడుపుమంట ఉంది, దాచుకోను. పదేళ్ళుగా మామగారి కంప్యూటర్‌కి వైద్యం చేస్తున్న నాకు దక్కింది గ్లాసుడు మంచినీళ్ళు. మౌస్‌ని రెండు చేతులతో పట్టుకునే మీకు లాప్‌టాప్!

సరే, పని సంగతి. కొత్తగా తగిలించినవన్నీ పీకెయ్యండి. అప్‌డేట్లు పూర్తి చెయ్యండి. ఆ తర్వాత సెర్చ్‌లో మెమరీ అని కొడితే మెమరీ పరీక్ష వస్తుంది, అది నడిపి ఫలితం రాయండి.

ఇట్లు,
చిన్నల్లుడు

తా.క.: ఇవన్నీ చేసినా ఆగిపోతుంటే నాకు సంతోషమేమీ ఉండదు. కొద్దిగా ఉంటుంది.

తమ్ముడికి దీవెనలు.

అన్నీ చేశాను. మెమరీలో లోపముందని వచ్చింది. నీ కళ్ళు పడకముందు దానికి ఏ లోపమూ లేదు! నెలాఖరుకి మెట్లు చూపించకపోతే ఇల్లు కట్టేవాడు ఊరుకోడు. తొందరగా చెప్పు.

ఇట్లు,
అన్నయ్య

తా.క.: నువ్వు చూడ్డానికి వస్తావేమోనని మీ వదిన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

అన్నయ్యకు నమస్కారాలు.

లోపం నా కళ్ళది కాదు, లోపలున్న మెమరీ ముక్కది. కొత్తది కాబట్టి గ్యారంటీ ఉంటుంది. బిల్లు పంపండి. మీ లాప్‌టాప్ మీద స్టిక్కరున్న షాపు మా షాపు పక్కదే, నేనే మాట్లాడి మార్పిస్తాను.

ఇట్లు,
చిన్నల్లుడు

తమ్ముడికి,

బిల్లు కనబడటం లేదు. బిల్లు లేకుండా అయ్యే దారి చూడు.

అన్నయ్య

అన్నయ్యకు,

బిల్లెందుకు దాస్తున్నారో నాకు తెలుసు. మామగారు మీకోసం ఎంత పోశారో నా కంటపడకూడదు, అంతేగా? ఆదివారం నేనే వెళ్ళి ఆయన్ని అడుగుతాను.

చిన్నల్లుడు

తా.క.: ఈసారి నమస్కారాలు లేవు, గమనించగలరు.

తమ్ముడూ, ఆగు!

బిల్లు ఇందులోనే పెట్టాను. దాని మీద ఎవరి పేరుందో చూడు. లాప్‌టాప్ నేనే కొనుక్కున్నాను. మామగారు నీకు స్కూటర్ కొనిచ్చినప్పటి నుంచీ నాకు ఒకటే కుళ్ళు. పెద్దల్లుణ్ణి, నాకు పెన్ను కూడా ఇవ్వలేదు. నువ్వూ కుళ్ళుకోవాలనే ఆ అబద్ధమాడాను. నువ్వు వెళ్ళి అడిగావంటే ఆ ఇంటి గడప నేను మళ్ళీ తొక్కలేను. నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళకు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: కాళ్ళు పట్టుకుంటానన్నది మాటవరసకే. పెద్దవాణ్ణి.

పూజ్యులైన అన్నయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందేసరికి నేను వెళ్ళొచ్చేశాను. లాప్‌టాప్ బిల్లెక్కడుందని మామగారిని అడిగాను. ఆయన రెప్ప కూడా వెయ్యకుండా, "ఏరికోరి కొనిచ్చాను. బిల్లు పెద్దల్లుడి దగ్గరే ఉంటుంది చూడు" అన్నారు. పక్కన అత్తగారు తలూపారు. కాబట్టి మీ పరువుకి ఢోకా లేదు. లాప్‌టాప్ పంపండి, షాపువాడు ఒప్పుకున్నాడు, అరగంట పని.

ఇక స్కూటర్ సంగతి. అదీ నేనే కొనుక్కున్నాను. తానిచ్చానని ఆయన వీధంతా చెప్పుకుంటుంటే ఊరుకున్నాను. మీరు కుళ్ళుకుంటున్నారని తెలిశాక అసలు నోరు విప్పబుద్ధి కాలేదు.

ఇట్లు,
చిన్నల్లుడు

తా.క.: మామగారు నాకూ లాప్‌టాప్ కొనిచ్చారు, మీదానికంటే పెద్దది. రేపు షాపుకెళ్ళి తెచ్చుకుని, ఆ సంగతి ఆయనక్కూడా చెబుతాను.