లోపం నాదేనట, పార్వతీ

పార్వతీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మీ చెల్లిని నాకిచ్చి చెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. దానికీ పిల్లలు పుట్టకపోతేనో అని భయం వేసి, ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లి పరీక్ష చేయించుకున్నాను.

నా వీర్యంలో ఒక్క బీజకణం కూడా లేదన్నాడు డాక్టరు. పద్దెనిమిదో ఏట గవదబిళ్లలొచ్చి నా వృషణాలు వాచాయి. ఆ జబ్బుతో పోరాడుతూ ఒళ్లే ఆ చోటును పాడుచేసుకుందట. బీజం తయారుచెయ్యమని మెదడు కింది గ్రంథి ఇప్పటికీ హార్మోన్లు పంపుతూనే ఉంటుందట. ఆ మాట వినే కణాలే మిగల్లేదట. మీసం, గొంతు, కోరిక అన్నీ ఉన్నాయి కనుక అన్నాళ్లూ నాకు అనుమానం రాలేదు.

నిన్ను గొడ్రాలంటూ అమ్మ ఏడేళ్లు పసర్లు తాగించింది. నేను నోరు మెదపలేదు.

నిన్న కళింగపట్నం వెళ్లాను. మీ నాన్న వల బాగుచేసుకుంటున్నాడు.

"మావా, సిన్నదాన్ని నాకివ్వకు. పిల్లలు పుట్టకపోడానికి లోపం నాదే."

కొడతాడనుకున్నాను. వల కింద పెట్టాడు.

"సిన్నదానికి నాను సెప్తాను. పెద్దదానికి ఎవుడు సెప్తాడురా?" అన్నాడు.

అమ్మకింకా చెప్పలేదు. భయంగానే ఉంది. ముందు నీకే చెబుతున్నాను.